తలుపు తీయువారెవరు?

మంజీర నీటితో వరి పండించుకొని, నిజాంసాగర్ కాలువ గట్టున సాయంకాలపు గాలి పీల్చుకొని జీవించు బాన్సువాడ ప్రాంతమువారికి సముద్రమనునది చిరకాలము పాఠ్యపుస్తకములయందును చలనచిత్రములయందును మాత్రమే కనబడు వస్తువై యుండెను. ఇప్పుడా కాలము మారినది. యాసంగి కోతలు ముగిసి, ధాన్యము పైకము ఖాతాలో పడి, బడులకు వేసవి సెలవులిచ్చిన పిమ్మట, "ఒక్కపారన్న సముద్రం సూపియ్యి బిడ్డా" అని ఏండ్ల తరబడి అడుగుచున్న ముసలితల్లిని వెంటబెట్టుకొని, అన్నదమ్ముల రెండు సంసారములు కలిసి పదిమందిగా ఆర్టీసీ బస్సులో హైదరాబాదు చేరి, అక్కడ గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి విశాఖపట్నమునకు బయలుదేరుట నేడు మన వీధులలో వింత కాదు. రైలుపట్టాలు లేని ఊరినుండి సముద్రపుటొడ్డునకు సాగు ఈ ప్రయాణమున టిక్కెట్ల సంగతి ఎవరైనను చూచుకొనగలరు. దిగినచోట తల దాచుకొనుట యెక్కడ అన్నదే అసలు చింత.

లాడ్జిలో గదికి ఇద్దరో ముగ్గురో. పదిమందికి నాలుగు గదులు తీసికొన్నచో ఖర్చు మాట అటుంచి, కలిసి వచ్చినవారు నాలుగు తలుపుల వెనుక నలుగురై పోవుదురు. మధుమేహముతో బాధపడు అవ్వకు జొన్నరొట్టె చేసిపెట్టుటకు పొయ్యి యుండదు. పసిపిల్లకు పాలు కాచుటకు క్రింది హోటలువానిని బతిమాలవలెను. ఇట్టివారికి దినముల లెక్కన అద్దెకు దొరకు మూడు పడకగదుల ఫ్లాటు, వంటిల్లును హాలును బాల్కనీనుండి సముద్రదర్శనమును గలది, నిజముగా వరమువంటిదే. హోమ్‌స్టే యనియు సర్వీస్ అపార్ట్‌మెంటనియు పలుపేర్లతో పిలువబడు ఈ పద్ధతిని నేను నిందింపబూనలేదు. మధ్యతరగతి కుటుంబము ఒకే కప్పు క్రింద ఉండి, తన వంట తాను చేసికొని, తన పెద్దలను తన కనులముందే ఉంచుకొని విహారము చేయగల అవకాశము మన తాతలకు లేదు, మనకు కలిగినది. అందుచేతనే అది ఏ నియమమునకు లోబడి నడచుచున్నదో విచారింపవలసిన బాధ్యత ఎక్కువగా మనకున్నది.

అట్టి ఫ్లాటు యొక్క గుమ్మమును ఒకసారి దగ్గరగా చూతము. రైలు తెల్లవారుజామున విశాఖ చేరును. ఆరు గంటల ప్రాంతమున పదిమందియు ఆటోలలో లాసన్స్ బే కాలనీకో ఎం.వి.పి. కాలనీకో రుషికొండకో చేరుదురు. తలుపునకు తాళముండదు, అంకెల పలక యుండును. ఆ అంకెలు ఫోనునకు పన్నెండు గంటలకు గాని రావు, ఏలయనగా గది యిచ్చు వేళ మధ్యాహ్నమని బుకింగు పత్రములో అడుగున సన్నని యక్షరములతో వ్రాసియున్నది. వాచ్‌మన్‌ను అడిగిన, "ఓనరుగారు ఇక్కడుండరండీ, ఫోన్ చేసుకోండి" అనును. ఆ యజమాని హైదరాబాదులో ఉండవచ్చును, అమెరికాలో ఉండవచ్చును. ఫోనెత్తువాడు ఆ యజమాని కాక, పది పదునైదు ఫ్లాట్లను కమీషను మీద నడుపుచు, ఇంతవరకు ఆ యవ్వ ముఖము చూడని, చూడబోని యొక యువకుడు. సంచులు మెట్లమీద పెట్టి, అవ్వను వాచ్‌మన్ కుర్చీలో కూర్చుండబెట్టి, పిల్లలను సముద్రపుటొడ్డునకు తోలుకొనిపోయి ఆరు గంటల కాలము ఎట్లో గడపవలెను. నీళ్లు రాకున్నను, గ్యాసు అయిపోయినను, రాత్రివేళ అవ్వకు గుండెలో నొప్పి వచ్చినను, "ఏ ఆసుపత్రి దగ్గర?" అని అడుగుటకు ఆ ఇంటిలో మనిషి లేడు.

అదే అంతస్తులో ఎదురు ఫ్లాటులో కాపురముండువారి బాధ వేరు. వారానికొక క్రొత్త మొగము లిఫ్టులో ఎదురగును. పండుగ సెలవులలో పార్కింగులో తమ చోట తెలియని కారు నిలిచియుండును. అర్ధరాత్రి దాటిన పిదప మేడమీద పాటలు వినబడును. వచ్చినవారు రెండు రాత్రులుండి పోవుదురు, ఉన్నవారికి ఏడాది పొడుగునను అదే స్థితి. ఇక రద్దీ దినములలో కొన్ని రాత్రుల అద్దె, నెల అద్దెతో సమానమగునట్టి వీధులలో, నెలసరి అద్దెకుండు ఉద్యోగికి, చదువుకొను పిల్లలకు ఇల్లు దొరకుట కష్టమగుట సహజము. అతిథికి గాని, పొరుగువానికి గాని సమాధానము చెప్పవలసిన మనిషి ఆ గుమ్మమునందు లేకపోవుటయే ఈ కష్టములన్నింటికిని మూలమని నా నిశ్చితాభిప్రాయము.

మన దేశములో బాటసారికి బస యనునది ఎన్నడును కేవల వ్యాపారముగా నుండలేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి, హైదరాబాదు దాటి మన ఇందూరు సీమ మీదుగా నాగపూరు బాటన పోయి, జగన్నాథము మీదుగా కోస్తా మార్గమున తిరిగి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరువరకు, ప్రతి మజిలీలోను దిగుటకు చోటున్నదా, నీరున్నదా, సరకులు దొరకునా అని శ్రద్ధగా వ్రాసికొన్నాడు. తన పరివారముతోను గుడారములతోను కదలిన సంపన్నుడే అయినను, ఊరివారి ఆదరణ మీద ఆధారపడక ఆ ప్రయాణము సాగలేదు. సత్రమునకు ధర్మకర్త యొకడు, చావడికి ఊరి పెద్ద యొకడు, సరాయికి కాపరి యొకడు ఉండెడివారు. రాత్రి వచ్చినవాడు ఎవరి తలుపు తట్టవలెనో ఊరిలో చిన్నపిల్లవాడైనను చెప్పగలిగెడివాడు.

1867లో బ్రిటిషు ఇండియా పాలకులు సరాయిలను, పడావులను క్రమపరచుటకు 22వ చట్టమును చేసిరి. నిజాము రాజ్యములో నుండిన మన ప్రాంతమునకు అది పొరుగుదేశపు శాసనమే యైనను, దానిలోని 7వ సెక్షనును నేడు చదివిన ఆశ్చర్యము కలుగును. సరాయి కాపరి గదులను, వసారాలను, మురుగుకాలువలను, బావులను శుభ్రముగా నుంచవలెను. అంటురోగము సోకినవాడు బసలో నున్నచో వెంటనే ఠాణాకు తెలుపవలెను. దొంగలు ఎక్కుటకు దిగుటకు వీలిచ్చు చెట్టుకొమ్మలను నరికింపవలెను. మనుష్యులకే కాక పశువులకును బండ్లకును కావలి యుంచవలెను. అన్నింటికంటె నాకు ముఖ్యముగా తోచిన నియమము, బసకు వసూలుచేయు రుసుముల పట్టికను మేజిస్ట్రేటు చెప్పిన చోట, చెప్పిన రూపమున, చెప్పిన భాషలలో వ్రేలాడదీయవలెననుట. ఎక్కడివాడో తెలియని బాటసారి తన భాషలో ధర చదువుకొనవలెనని ఆనాటి శాసనకర్త తలచినాడు. ఆ చట్టమంతయు 'కాపరి' అను నొక్క వ్యక్తి చుట్టును తిరుగును. అతడు రిజిస్టరులో పేరు వ్రాయించుకొనినవాడు, అడిగిన దొరకువాడు.

నేటి నిబంధనలలో ఆ వ్యక్తి ముక్కలు ముక్కలైనాడు. నివాసమునకు కట్టిన ఇంటిని దినముల లెక్కన అద్దెకిచ్చినచో నగరపాలకసంస్థ ట్రేడ్ లైసెన్సును, వ్యాపార గృహమునకు తగిన ఆస్తిపన్నును అడుగవచ్చును. విద్యుత్తు శాఖవారు గృహావసరపు కేటగిరీనుండి వాణిజ్యపు కేటగిరీకి మార్చవచ్చును. విదేశీయుడు దిగినచో ఇరువదినాలుగు గంటలలోగా ఆ వివరములు ఆన్‌లైనులో అధికారులకు పంపవలెను. 1946నాటి విదేశీయుల చట్టము పోయి 2025 సెప్టెంబరు 1 నుండి క్రొత్త చట్టము వచ్చినను ఈ బాధ్యత పోలేదు. జీఎస్టీ మాట కొంచెము వివరముగా చెప్పవలెను: దినమునకు వేయి రూపాయల లోపు గదికి 2022 జూలై 18 వరకు పన్ను లేకుండెను, ఆ పైన 12 శాతము వచ్చెను, 2025 సెప్టెంబరు 22 నుండి 7,500 రూపాయల వరకు గల గదులకు 5 శాతముగా తగ్గెను. ఏడాదికి ఇరువది లక్షల లోపు రాబడి గల చిన్న యజమాని తాను రిజిస్టరు కాకున్నను, బుకింగు యాప్ ద్వారా అతిథి వచ్చినచో ఆ యాప్ నడుపు సంస్థయే పన్ను చెల్లించును. అనగా ప్రభుత్వమునకు రావలసిన పైకము వచ్చు దారి చక్కగా వేయబడినది. అతిథి ఎవరిని అడుగవలెనో ఆ దారి మాత్రము వేయబడలేదు.

ఉన్నవాటిలో ఈ విషయమును సరిగా పట్టుకొన్నది కేంద్ర పర్యాటక శాఖవారి 'ఇన్‌క్రెడిబుల్ ఇండియా బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్' పథకము. దానిక్రింద ఒక గదినుండి ఆరు గదులవరకు, పన్నెండు పడకలకు మించకుండ, అతిథులకు ఇయ్యవచ్చును. గోల్డ్, సిల్వర్ అను రెండు తరగతులు. యజమాని గాని అతని కుటుంబము గాని అదే ఇంటిలో కాపురముండవలెననుట దానికి ప్రాణము. కేరళవారు చాలకాలముగా హోమ్‌స్టేలను డైమండ్, గోల్డ్, సిల్వర్ అని వర్గీకరించుచు, యజమాని కుటుంబము ఆ ఇంట నుండుటను నియమముగా పాటించుచున్నారు. గోవాలో 1982నాటి పర్యాటక వ్యాపార రిజిస్ట్రేషను చట్టము క్రింద, విల్లాయైనను ఫ్లాటైనను అతిథులకు ఇచ్చుటకు ముందు పర్యాటక శాఖయొద్ద పేరు నమోదు చేయింపవలెను. ఒక సముద్రతీరపు చిన్న ప్రాంతము నలువది యేండ్ల క్రిందటనే ఈ ఆలోచన చేయుటకు కారణము స్పష్టము: వచ్చిపోవువారి మీదనే బ్రతుకు ఊరికి, వారిని ఎవరు దింపుకొనుచున్నారో తెలియవలెను.

ఇల్లు అద్దెకిచ్చు ఈ క్రొత్త పద్ధతికి పుట్టినిల్లైన శాన్‌ఫ్రాన్సిస్కోలో 2007లో జరిగినదేమి? ఇంటి అద్దె కట్టలేని ఇద్దరు యువకులు, నగరములో జరుగుచున్న ఒక సభకు వచ్చినవారికి తమ హాలులో గాలిపరుపులు పరచి చోటిచ్చిరి. ఆనాడు వారు ఆ యింటిలోనే ఉండిరి. ఉదయము అతిథులకు ఫలహారము పెట్టిరి. వారు నెలకొల్పిన ఎయిర్‌బీఎన్‌బీ వటవృక్షమైన పిదప ఆ గృహస్థుడు అదృశ్యుడైనాడు, ఇల్లు మాత్రము మిగిలినది. న్యూయార్కు నగరము 2023 సెప్టెంబరు నుండి అమలుచేయుచున్న 18వ స్థానిక శాసనము ఆ గృహస్థుని మరల ఇంటిలోనికి పిలిచినది: ముప్పది దినములకు లోపు అద్దెకిచ్చువాడు నగరముయొద్ద రిజిస్టరు కావలెను, అతిథులున్నంతకాలము తాను ఆ ఇంటిలోనే ఉండవలెను, ఇద్దరికి మించి దింపుకొనరాదు. బార్సిలోనా నగరాధిపతి మరింత ముందుకు పోయి, నగరమందలి 10,101 పర్యాటక ఫ్లాట్ల అనుమతులను 2028 నవంబరు నాటికి ముగించి మరల ఇయ్యబోమని 2024 జూనులో ప్రకటించెను.

బార్సిలోనా మార్గము మనకు తగదు. అక్కడి ప్రజలు అద్దెయిల్లు దొరకక వీధులకెక్కిన పిమ్మట తీసికొన్న నిర్ణయమది. మన తీరనగరములు ఆ దశకు చేరకముందే మేలుకొనవచ్చును. నాకు నచ్చినది జపానువారి మధ్యేమార్గము. 2018 జూను 15 నుండి అమలులోనున్న వారి చట్టము ఏడాదికి 180 దినములకు మించి ఇంటిని అతిథులకు ఇయ్యరాదన్నది. నమోదైన గుర్తును బయట గుమ్మమునొద్ద అందరికి కనబడునట్లు పెట్టవలెనన్నది. ఇరుగుపొరుగువారి ఫిర్యాదునకు వెంటనే సమాధానము చెప్పవలెనన్నది. యజమాని ఆ ఇంట ఉండడా? అట్లయిన ప్రభుత్వముయొద్ద నమోదైన నిర్వాహకునికి ఇంటిని అప్పగింపవలెను. విశాఖలో ఫ్లాటు కొని డాలసులోనో దుబాయిలోనో ఉద్యోగము చేసికొనుచున్న మన తెలుగువారికి ఇది ఆచరణకు అసాధ్యమైన నియమమేమియు కాదు. ఇప్పుడు కమీషను మీద పది ఫ్లాట్లు చూచు ఆ యువకుడే తన పేరు నమోదు చేయించుకొని, తన ఫోను నంబరును తలుపుమీద వ్రాసి, రాత్రి పిలిచిన అరగంటలో రాగల దూరమున ఉన్నచో చాలును. అతనికి గౌరవమైన వృత్తియు దొరకును.

నియమమనగానే భయపడువారి పక్షమున కూడ మాటాడవలసియున్నది, ఏలయనగా వారి భయము నిరాధారము కాదు. పెద జాలారిపేటలోనో భీమిలి తీరమునందో తన రెండుగదుల ఇంటిలో ఒకటి అతిథికిచ్చి, సముద్రపు చేపలకూరతో అన్నము పెట్టి నాలుగు రూకలు సంపాదింపదలచిన మత్స్యకార గృహిణిని మున్సిపాలిటీకి, విద్యుత్తు ఆఫీసుకు, పోలీసు ఠాణాకు, ఆహార లైసెన్సు ఆఫీసుకు, పర్యాటక శాఖకు త్రిప్పినచో ఆమె మొదటి మెట్టుననే ఆగిపోవును. అదే పది ఫ్లాట్లవాడు ఒక ఆడిటరును పెట్టుకొని అన్ని కాగితములు తెప్పించుకొనును. 2019నాటి తీరప్రాంత నియంత్రణ ప్రకటన, ఇంటి పునాది వైశాల్యమును రూపమును ముఖభాగమును మార్చకుండ హోమ్‌స్టే నడుపుకొనుటకు మత్స్యకారులకు, స్థానికులకు వీలు కల్పించినది. 2025-26 కేంద్ర బడ్జెటులో హోమ్‌స్టేలకు ముద్ర రుణములిత్తుమని ప్రకటించినారు. గిరిజన గ్రామములలో వేయి హోమ్‌స్టేలకు, క్రొత్త గదుల నిర్మాణమునకు ఇంటికి 5 లక్షల వరకు, ఉన్నవి బాగుచేసికొనుటకు 3 లక్షల వరకు సహాయమను పథకమున్నది. అప్పు ఇచ్చు చేయి ఒకవైపు, కాగితములు అడుగు చేతులు అయిదు వైపుల. తానుండు ఇంటిలో ఒకటి రెండు గదులిచ్చువారికి ఒకే దరఖాస్తు, ఒకే రిజిస్ట్రేషను సంఖ్య, గృహావసరపు విద్యుత్తు ధర. యజమాని లేని ఇండ్లకు వ్యాపారపు నిబంధనలన్నియు: ఈ భేదమును పాటించినచో చిన్నవారు నలుగరు, పెద్దవారు తప్పించుకొనరు.

అపార్ట్‌మెంటు సంఘముల విషయమున నా మనస్సు ఎదురింటివారి వైపే మ్రొగ్గును. తానొక్కడు లాభము పొందుచు నలువది కుటుంబముల నిద్రను పణముగా పెట్టుట న్యాయము కాదు. సంఘము సమ్మతి లేనిదే రిజిస్ట్రేషను ఇయ్యరాదు. అట్లని కులమడిగి, మతమడిగి, పెండ్లి కాలేదని చెప్పి అతిథులను గుమ్మమునుండి పంపివేయు అధికారము సంఘమునకు ఉండకూడదు. శబ్దము, చెత్త, పార్కింగు, మనుష్యుల సంఖ్య, ఇవి నాలుగే సంఘము అడుగదగినవి.

ఈ నియమములన్నియు ఏర్పడువరకు మన ఊరినుండి పోవువారు కొంత జాగ్రత్తపడక తప్పదు. చౌకగా కనబడిన వెబ్‌సైటునకు మొత్తము పైకము ముందే పంపకుడు. యాత్రికులను, పర్యాటకులను నకిలీ బుకింగు సైట్లు మోసగించుచున్నవని కేంద్ర హోంశాఖవారి సైబర్ నేరముల విభాగము 2025 ఏప్రిలులో హెచ్చరించినది. మోసపోయినచో ఆలసింపక 1930 నంబరునకు ఫోను చేయవలెను. ఫ్లాటు చిత్రములకంటె ముందు అడుగవలసిన ప్రశ్నలు వేరు: యజమాని అక్కడ ఉండునా, లేనిచో తలుపు తీయువారెవరు, తెల్లవారుజామున దిగినచో సామాను పెట్టుకొనుటకైనను వీలున్నదా, లిఫ్టు పనిచేయుచున్నదా. గుర్తింపు పత్రము చూపుట మన విధియే. కాని చివరి నాలుగంకెలు మాత్రము కనబడు మాస్క్‌డ్ ఆధార్ ఇచ్చిన చాలును, పదిమంది పూర్తి ఆధార్ నకళ్లను తెలియని ఫోనునకు వాట్సాపులో పంపవలసిన పని లేదు.

ఇంతవరకు చెప్పినది పరాయి ఊరి సంగతివలె కనబడవచ్చును గాని, బాన్సువాడ సైతము రేపు అతిథిగా కాక ఆతిథేయిగా నిలువవలసి వచ్చును. నవాబ్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణమున 1923లో మొదలై 1931లో పూర్తియైన నిజాంసాగర్, నిండి గేట్లెత్తిన దినములలో, ఒక చిన్న సముద్రమే. ఆనకట్ట మీదనుండి నురుగులు క్రక్కుచు దిగు మంజీరను చూచుటకు మన జిల్లావారే కాక, దెగ్లూరు వైపునుండి మరాఠీవారును, బీదరు వైపునుండి కన్నడమువారును రాదగినంత దగ్గరలో నున్నది. బీర్కూరు మండలము తిమ్మాపూరులోని వేంకటేశ్వరుని గుడికి తెలంగాణ తిరుమల యను పేరు వచ్చినది. కాని సాయంకాలము కాగానే వచ్చినవారు తమ బండ్లు త్రిప్పుకొని పోవలసినదే, లేదా బాన్సువాడ లాడ్జీలలో చోటు వెదకుకొనవలసినదే. కాలువ గట్టున పెంకుటిల్లు, ముందు వేపచెట్టు, వెనుక పశువుల కొట్టము, తినుటకు మక్కగారెలు, రాత్రికి మంజీర చేపల పులుసు గల రైతిండ్లు ఆ చుట్టుప్రక్కల ఎన్ని లేవు?

రద్దీ వచ్చిన పిమ్మట నియమములు వెదకుటకంటె, రాకముందే పంచాయతీలు ఈ పని చేయవచ్చును. కేంద్ర పర్యాటక శాఖవారి పథకము క్రింద నమోదు కాదలచిన ఇండ్ల జాబితా యొకటి తయారుచేసి, ఒక్కొక్క ఇంటికి ఒక సంఖ్య యిచ్చి, ఆ ఇంటి గృహిణి పేరను ముద్ర రుణము ఇప్పించి, మరుగుదొడ్డి శుభ్రముగానున్నదా, బావినీరు పరీక్షింపబడినదా, రాత్రివేళ బండి కావలెనన్న దొరకునా అని ఏడాదికొకసారి మహిళా సంఘములవారిచేతనే చూపింపవలెను. గుమ్మమునొద్ద గది ధరను తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడ భాషలలో వ్రాయింపవలెను; దాని క్రింద ఆ ఇంటి గృహిణి పేరును, ఫోను నంబరును ఉండవలెను. వర్షకాలమునకు ముందే ఈ జాబితా సిద్ధమైనచో, వచ్చు సారి గేట్లెత్తు దినమున దెగ్లూరునుండి వచ్చిన సంసారము చీకటిపడువేళ తిరుగుబండి ఎక్కవలసిన యవసరముండదు.